అప్పు ముడి, అమ్మకం ముడి: ఆదోని, ఎమ్మిగనూరు చెప్పే ఆర్థిక పాఠం

ఆర్థిక సేవలు అందడమంటే బ్యాంకులో ఖాతా ఉండటం ఒక్కటే కాదు. అదను తప్పకుండా, మోయగలిగిన వడ్డీకి, సరుకును నచ్చినచోట అమ్ముకునే హక్కు పోకుండా డబ్బు చేతికి రావాలి. వర్ధమాన దేశాల గురించి రాసేవారు మొదటి రెండింటినీ పట్టించుకున్నంతగా మూడోదాన్ని పట్టించుకోరు. ఆదోని, ఎమ్మిగనూరు ఉన్న పశ్చిమ కర్నూలులో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఎమ్మిగనూరు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉన్న రోజుల్లో మగ్గం నేతగానిదే అయినా నూలు షావుకారుది. నూలు అరువిచ్చినవాడికే బట్ట అప్పగించాలి, ధర అతను కట్టిందే. వడ్డీ విడిగా కనిపించదు, బట్ట ధరలోనే కోత పడుతుంది. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ ముడి మీదే చెయ్యి వేసింది. నూలు టోకున కొని సభ్యులకివ్వడం, నేసిన బట్టకు కూలి కట్టడం, అమ్మకం చూసుకోవడం సంఘమే నెత్తిన వేసుకుంది. అప్పిచ్చేదీ, సరుకు కొనేదీ ఇక్కడా ఒకరే. కాకపోతే ఆ ఒకరు నేతగాళ్ల సొంత సంఘం.

సేద్యానికి అలాంటి అండ ఆలస్యంగా వచ్చింది. 1951-52 గ్రామీణ పరపతి సర్వే నాటికి దేశంలో రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా సుమారు 3 శాతం, వాణిజ్య బ్యాంకులది 1 శాతం లోపే. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 1977 నుంచి 1990 దాకా బ్యాంకులున్న ఊళ్లో కొత్త శాఖ తెరవాలంటే, బ్యాంకు లేని నాలుగు ఊళ్లలో ముందు తెరవాలన్న నిబంధన నడిచింది. దీనివల్ల పల్లెల్లో పేదరికం తగ్గిందని, వ్యవసాయేతర ఉత్పత్తి పెరిగిందని ఆర్థికవేత్తలు బర్జెస్, పాండే 2005లో చూపారు. మొండి బకాయిలూ పెరిగాయన్నది వేరే సంగతి.

అయినా ఆదోని పత్తి మార్కెట్‌లో పాత ముడి పూర్తిగా విడలేదు. ముంగారు వాన పడగానే విత్తనం, ఎరువు కమీషన్ వ్యాపారి దగ్గర అప్పుకు తెచ్చిన రైతు, పత్తిని ఆ వ్యాపారి మండీకే తోలాలి. తక్‌పట్టీలో (అమ్మకపు చీటీలో) తూకం, ధర, కమీషన్, హమాలీ తర్వాత అప్పు, వడ్డీ కోసేస్తారు. ధర బాగాలేదని సరుకు ఆపుకునే వీలు అతనికి లేదు. దిగుబడి పెరిగినా మిగులు అతని చేతిలో నిలవదు. నిలవని మిగులు మరో పెట్టుబడిగా మారదు.

అప్పు నీళ్లు తెచ్చిపెట్టదన్నదీ నిజమే. వాన మొహం చాటేసిన ఏడు ఇక్కడి కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి (కోత పనుల వలసకు) పోతాయి. ఖాతా ఉన్నవారూ పోతారు. నీరు లేని చేనికి రుణం మరో బరువే.

అందరికంటే ఇరుకున పడేది కౌలు రైతు. రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సమ్మతి కావాలి. ఆ సంతకం దొరకని కౌలుదారుకు బ్యాంకు పంట రుణం అందడం కష్టం, పెట్టుబడికి మండీయే దిక్కు.