బీడు వేఱు, చవుడు వేఱు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో గ్రంథాలయోద్యమమును గూర్చి మాటలాడుట మర్యాద. ఆ పని నాకంటె పెద్దలు చేసియే యున్నారు. నేను ముప్పది యేండ్లకు పైగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల బడులలో ఇంగ్లీషు చెప్పినవాడను. పనికివచ్చు మాట యేదైన చెప్పుడని కార్యదర్శిగారు కోరిరి కాబట్టి, నాకు చేతనైన దానినే యెత్తుకొనుచున్నాను. ఇంగ్లీషు విశేషణములలో కొన్ని చూచుటకు కవల పిల్లలవలె నుండి, గుణమున వేఱుగా నుండును. వానిని గూర్చి చెప్పెదను. ఇది పరీక్షకు పోవు పిల్లలకు మాత్రమే యని పెద్దలు లేచిపోవలదు. అర్జీ వ్రాయించుకొను ప్రతివారికిని ఇందు పని గలదు.

మన బీరువాలో శంకరనారాయణగారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉన్నది. దాని అట్టలు ఊడిపోయినవి. పాఠకులు దానిని బాగుగా వాడిరనుటకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు. అయితే నిఘంటువు మాటకు అర్థము చెప్పును గాని, ఆ మాట దేని ప్రక్కన కూర్చుండునో, దేని ప్రక్కన కూర్చుండదో అన్ని వేళల చెప్పజాలదు. చిక్కంతయు అచ్చటనే.

ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. ఇంగ్లీషువారు 'డ్రై' అను నొక్క మాటతో గడుపుకొనుచోట మన మెన్ని మాటలు వాడుచున్నామో చూడుడు. వానమీద ఆధారపడిన పొలము మెట్ట. దండెము మీది బట్ట ఆరిన బట్ట. చేప ఎండు చేప. పాలు మానిన గేదె వట్టిపోయినది. నీరు లేని బావి ఎండినది. ఎండిన గేదె యనియు, వట్టిపోయిన బట్ట యనియు మన యింట అయిదేండ్ల బిడ్డ యైనను అనదు. ఆ బిడ్డకు ఎవరును వ్యాకరణము చెప్పలేదు. ఏ మాట దేనితో పొసగునో చెవికి పట్టువడినది. ఇంగ్లీషువారి బిడ్డకును అంతే. మనకు ఆ భాషలో ఆ చెవి లేదు కాబట్టి, చదివి సంపాదించుకొనవలెను.

మన ఉదయగిరి దుర్గమునే తీసికొందము. ఆ కొండ సముద్రమట్టమునకు 3,079 అడుగుల యెత్తున నున్నది. 'ఎత్తైన' అనుటకు ఇంగ్లీషున 'హై' యనియు, 'టాల్' అనియు రెండు మాటలు గలవు. కొండ 'హై'. తాటిచెట్టు, ధ్వజస్తంభము, మనిషి 'టాల్'. అడుగు సన్నమై నిలువు హెచ్చుగా నున్నదానికి 'టాల్' చెల్లును. నేలనుండి ఎంత పైన నున్నదను లెక్క వచ్చినప్పుడు 'హై' అనవలెను. కాబట్టి దుర్గము 'హై', దానిపై మొలచిన చెట్టు 'టాల్', ఆ చెట్టు చిటారు కొమ్మ మఱల 'హై'. ఇక ఆ కొండ నెక్కువాని మోకాళ్లు చెప్పు మాట వేఱొకటి గలదు: 'స్టీప్', అనగా నిటారైనది.

1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఈ దుర్గమును గైకొని, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, అచ్చట గుడి కట్టించి ప్రతిష్ఠించెను. చరిత్రలో మలుపని చెప్పదగిన ఇట్టి సంఘటనము 'హిస్టారిక్'. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. అది 'హిస్టారికల్' గ్రంథము, అనగా చరిత్రకు సంబంధించినది. ఎవరో ఒక గృహస్థు గుడి దీపమునకు రెండు కుంటల నేల యిచ్చిన శాసనమైనను 'హిస్టారికల్' అగును. అది లోకమును తలక్రిందులు చేయనక్కఱలేదు. మా విద్యార్థులు కోటను గూర్చి వ్యాసము వ్రాయునప్పుడు అందలి ప్రతి రాతిని 'హిస్టారిక్' చేసెడివారు. ఎఱ్ఱసిరాతో గీతలు గీసి గీసి నేను విసిగితిని.

ఉదయగిరి కొయ్య చెంచాలు మీ రందఱు ఎఱుగుదురు. అవి 'వుడెన్', కొయ్యతో చేసినవి. ముదిరి పీచుపట్టిన ముల్లంగి 'వుడీ', కొయ్యవలె నున్నది. ఇచ్చట ఒక వినోదము చెప్పక పోజాలను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితశాస్త్ర ఆనర్సు పరీక్షలో అందఱికంటె కడపట నిలిచినవానికి పెద్ద కొయ్య గరిటె నిచ్చు ఆచారము 1909 వఱకు నుండెను. అందుచేత నేటికిని ఇంగ్లీషున 'వుడెన్ స్పూన్' గెలిచెననగా ఆఖరున నిలిచెనని యర్థము. మన పనివారు తమ చెంచాను సీమదొర చేతిలో పెట్టునప్పుడు ఆయన నవ్విన యెడల కారణ మిదియే.

మఱి కొన్నిటిని త్వరగా చెప్పి వదలెదను. 'చైల్డిష్' అనినను 'చైల్డ్‌లైక్' అనినను పసితనమే. మొదటిది తిట్టు, రెండవది మెప్పు. 'ఎకనామికల్' అనగా పొదుపైనది. 'ఎకనామిక్' అనగా ఆర్థికమైనది. తెఱపి లేక పట్టిన ముసురు 'కంటిన్యుయస్'. ఆగి ఆగి మాటిమాటికి కురియు వాన 'కంటిన్యువల్'.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. ఇందు తప్పు నాది. ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో, మెట్టపొలము గల రైతు ఒకడు నాయొద్దకు వచ్చెను. వానలు తప్పి రెండేండ్లు సాగు లేదు. కాడిలో ఒక ఎద్దును అమ్ముకొనెను. విత్తనములకును ఎద్దునకును అప్పు కావలెను. అర్జీ ఇంగ్లీషున నున్న పని త్వరగా నగునని ఎవరో చెప్పిరట. "పొలం బీడు పడింది, అయ్యవారూ" అని అతడు చెప్పెను. నేను 'బ్యారన్' అని వ్రాసితిని. ఆ మాట గంభీరముగా నుండెను. చదివినవారికి కనికరము పుట్టించునని కూడ అనుకొంటిని.

నెల తిరుగకమునుపే అర్జీ తిరిగివచ్చెను. పంటకు పనికిరాని నేలకు విత్తనముల అప్పు ఏల యని దాని సారాంశము. ఆ కచేరీవారిని నేను తప్పు పట్టజాలను. 'బ్యారన్' అనగా ఎంత దున్నినను, ఎంత తడిపినను ఫలింపని రాతినేల, చవుటినేల. బీడునకు తగిన మాట 'ఫ్యాలో', సారము గలిగియు ఏదో కారణమున విత్తక విడిచిన నేల. ఒకటి గొడ్డుటావు, రెండవది ఈ యేడు ఈనని ఆవు. సర్కారువారు భూమి వినియోగమును తొమ్మిది తరగతులుగా లెక్కింతురు. ఆ యేడు విత్తనిది 'కరెంట్ ఫ్యాలో'. ఏడాది మొదలు అయిదేండ్ల వఱకు సాగు లేనిది 'అదర్ ఫ్యాలో'. అంతకు మించినది సాగుకు తగిన బంజరు. కొండలు, గుట్టలు మొదలగునవి 'బ్యారన్'. ఒక్క కలముపోటుతో నేను ఆ రైతు పొలమును కొండలలో గలిపితిని.

అతడు కోపపడలేదు. కాగితము మడిచి మొలలో దోపుకొని, "నేను బీడన్నానే గాని చవుడన్లేదు గదా, అయ్యవారూ. మీ ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాటా?" అని అడిగెను. మాటలు రెండున్నవనియు, నేను ఎఱిగినది ఒకటే యనియు చెప్పుటకు నాకు నోరు రాలేదు. మఱల వ్రాసి యిచ్చితిని. అప్పు మంజూరగుసరికి అదను దాటినది. ఆ నేల మూడవ యేడును బీడుగానే యుండెను. మఱుసటి యేడు సజ్జ పండెను. ఒక మూట మా యింటికి పంపెను. నేను వలదంటిని, అతడు వినలేదు.

ఆనాటినుండి ఎవరి అర్జీ వ్రాసినను, వారు చెప్పిన తెలుగు మాటను మొదట అట్లే వ్రాసికొని, దాని ప్రక్క ఇంగ్లీషు మాట పెట్టి, ఆ ఇంగ్లీషును మఱల తెలుగు చేసి వారికి చదివి వినిపించుచున్నాను. బీడు చవుడైన యెడల 'కాదు' అని వారే అందురు. కార్యవర్గమువారు అనుమతించిన యెడల, ఆదివారము సాయంకాలములందు ఈ గ్రంథాలయము వసారాలో కూర్చుండెదను. ఇంగ్లీషు కాగితములు గలవారు తీసికొని రావచ్చును. శంకరనారాయణగారి నిఘంటువునకు మాత్రము ఈ లోపల క్రొత్త అట్ట వేయింపుడు.