ఆలస్యముగా వచ్చు పట్టము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున ఎన్నుకొనబడిన ప్రసంగ విషయము పండుగకు తగినది కాదని కొందరికి తోచవచ్చును. తోటివారందరు పట్టభద్రులై ఉద్యోగములలో కుదురుకొనగా, తాను మాత్రము ఇంకను పరీక్షలు వ్రాయుచు మిగిలిపోయిన విద్యార్థి మనస్సులోని దిగులే ఆ విషయము. సాయంకాలమున గ్రంథాలయమునకు వచ్చి, ఒక మూల కూర్చుండి, ఎవరితోను మాటలాడక, తలుపులు మూయు వేళకు లేచిపోవు పడుచువాండ్రను ఎరిగినవారు ఇది పండుగకు దూరమైన సంగతి కాదని ఒప్పుకొందురు.

ఆ దిగులు ఎట్లుండునో చూడుడు. సంక్రాంతికి తోటివారు బెంగుళూరు నుండియు, చెన్నపట్టణము నుండియు వచ్చి బస్సు దిగుదురు. ఆ దినమున ఈ విద్యార్థి నడివీధిని విడిచి వెనుక సందు గుండా ఇంటికి పోవును. “ఏందబ్బాయా, నీ చదువింకా అయిపోలేదా?” అని ఎవరో అడుగుదురు. అడిగినవారి మనస్సున చెడు తలంపు లేదు. విన్నవాని గుండెలో మాత్రము ఆ మాట ముల్లువలె నాటును. అతడు పెండ్లిండ్లకు పోవుట మానును. తల్లిదండ్రులకు నిజము చెప్పుట మానును. తప్పిన పరీక్షలు రెండే యున్నను, రుసుము కట్టవలసిన గడువు దాటిపోవు వరకు ఊరకుండును. కొందరు ఒడ్డు కనబడుచుండగానే చదువును విడిచిపెట్టుదురు. మరికొందరి విషయమున ఆ దిగులు ప్రాణము మీదికే వచ్చుచున్నది. కావున దీనిని పడుచువాండ్ర బెంగ యని నవ్వి త్రోసివేయరాదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో చదువు ఆలస్యమగుటకు సోమరితనము ఒక్కటే కారణమని తలచుట అన్యాయము. ఇది మెట్ట సీమ. జిల్లా తూర్పు భాగమున పెన్న కాలువల క్రింద వరి పండుచుండగా, పడమటి భాగమున పెక్కు పల్లెలు వాననే నమ్ముకొని యున్నవి. వాన తప్పిన యేడు ఇంటికి పెద్ద కుమారుడు పనికి వలస పోవలసి వచ్చును. ఆ యేడు వాని చదువు ఆగును. ఆడపిల్లయైనచో పెండ్లి అడ్డము వచ్చును. పదవ తరగతి వరకు తెలుగున చదివినవాడు ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠములలో పడి, మొదటి యేడే మూడు నాలుగు పరీక్షలు తప్పును. విద్యార్థులు వానిని బ్యాక్‌లాగులని పిలుచుచున్నారు. ఒకటి రెండైనప్పుడే తీర్చుకొననిచో అప్పు మీద వడ్డీ వలె అవి పెరుగును.

దూరము మరియొక కారణము. ఉదయగిరి నుండి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. నెల్లూరు వెంకటగిరి రాజావారి విద్యాలయము 1920లో కళాశాల అయ్యెను. కావలి జవహర్ భారతి 1951లో వెలసెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, నెల్లూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము 2008లోను స్థాపింపబడెను. అనగా పట్టపు చదువు ఈ కొండల దాపునకు వచ్చుటకే అంతకాలము పట్టినది. విద్యయే ఇంత ఆలస్యముగా వచ్చిన సీమలో, విద్యార్థి రెండేండ్లు ఆలస్యముగా వచ్చెనని నిందించుట తగునా?

ఉదయగిరి దుర్గమును చూచినవారికి ఒక పాత సంగతి జ్ఞాపకము చేయవచ్చును. గజపతుల ఏలుబడిలోనున్న ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి 1514లో గెలుచుకొనెను. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగెను. ఆ కాలమున రాయల సైన్యము కోట యెదుట ఊరక కూర్చుండలేదు. బండలను పగులగొట్టి కొండపైకి దారులు తొలిచినట్లు పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు నూనిజ్ తన వృత్తాంతమున వ్రాసియున్నాడు. మరుసటి యేడు, 1515లో, కొండవీడు అంతకంటె చాల తక్కువ కాలములోనే లోబడెను. ఉదయగిరి చిక్కుటకు పట్టిన కాలమును చూచి ఆ విజయమును ఎవరును తక్కువ చేసి చెప్పలేదు. చదువు ఆలస్యమైనవాడు కూడ తన్ను తాను ఈ ప్రశ్నయే అడుగుకొనవలయును: ఆ యేండ్లలో దారి తొలుచుచుంటినా, లేక కోట వంక చూచుచు కూర్చుంటినా?

ఈ సీమ రైతు ఈ విషయమును పుస్తకములు లేకయే ఎరుగును. మెట్ట చేనిలో సజ్జయు కందియు ఒకే పదునున విత్తుదురు. మూడు నెలలు తిరుగునప్పటికి సజ్జ కోతకు వచ్చును. అప్పటికి కంది ఇంకను పూతకు రాదు. సజ్జ ఇంటికి చేరినదని చెప్పి కందిని పెరికివేయు రైతు లేడు. దాని వేరు లోతునకు పోవుననియు, దాని కాలము వేరనియు అతనికి తెలియును. చేనియందు చూపు ఈ ఓర్పును ఆ రైతే తన బిడ్డయందు చూపలేకపోవుట విచారకరము.

ఆలస్యముగా చదివి ఘనతకెక్కిన తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ముందుగా చెప్పుకొనవలయును. ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యముననే వివాహము జరిగెను. బడిలో ఇంగ్లీషు బోధనను నిరసించి చిన్న వయస్సుననే చదువు మానెను. 1930 మొదలు 1933 వరకు ఉప్పు సత్యాగ్రహమునను, తదుపరి ఉద్యమమునను మూడు పర్యాయములు చెరసాలకు పోయెను. తన యీడువారు చదువులు ముగించి సంసారములు దిద్దుకొనుచున్న వయస్సున ఆమె మెట్రిక్యులేషన్ పుస్తకములు చేతబట్టెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో గెలిచి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతి శాస్త్రము చదివి, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టమును పొందెను. అప్పటికి ఆమెకు ముప్పదిమూడేండ్లు. తదుపరి రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలై దేశపు రాజ్యాంగ రచనలో పాలుపంచుకొనెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలయ్యెను. ఆ బోర్డే 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలు తక్కువ కాలమున పరీక్షలకు సిద్ధమగుటకై సంక్షిప్త విద్యా తరగతులను ప్రారంభించెను. తాను వెనుకబడి నడిచిన త్రోవను ఆమె తరువాతి వారికి బాటగా వేసెను.

ఇది పెద్దల కథ యని తోచినచో, దగ్గరి కాలపు సంగతి యొకటి కలదు. అనంతపురము జిల్లా శింగనమల మండలమునకు చెందిన సాకే భారతి వ్యవసాయ కూలీ. ఇంటర్మీడియట్ తరువాత ఆమెకు వివాహమయ్యెను. కూలిపనికి పోవుచునే ఆమె పట్టమును, రసాయన శాస్త్రమున ఉన్నత పట్టమును సంపాదించి, 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము నుండి అదే శాస్త్రమున డాక్టరేటు పొందెను. ఆ సీమయు ఇటువంటి మెట్టయే. అచ్చటి వానయు ఇటువంటి వానయే.

ఇతర దేశములలోను ఇట్టివారు కలరు. ఆఫ్రికా ఖండమున కెన్యా దేశమునందు కిమాని మరూగే అను వృద్ధుడు, ప్రాథమిక విద్య ఉచితమైన పిమ్మట, 2004లో తన యెనుబదినాలుగవ యేట ఒకటవ తరగతిలో చేరెను. ఇంగ్లండులో 1969లో సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడి, 1971లో పాఠములు మొదలు పెట్టెను. భారతదేశమున అట్టి మొదటి విశ్వవిద్యాలయము 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే వెలసెను. పిమ్మట దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టబడెను. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. ఆలస్యముగా చదువువారు ఒక్కరిద్దరే యైనచో ఇన్ని సంస్థలు పుట్టవలసిన అవసరమే లేకుండెను.

అట్లని ఆలస్యమునకు వెల లేదని చెప్పుట సత్యము కాదు. విద్యారుణము మీద వడ్డీ పెరుగును. ప్రైవేటు కంపెనీవారు నడుమ ఖాళీగా నున్న యేండ్లను గూర్చి అడుగుదురు. సివిల్ సర్వీసు పరీక్షకు సాధారణ వర్గముల వారికి 32 ఏండ్ల వయఃపరిమితి కలదు. వీనిని దాచి ధైర్యము చెప్పువాడు మేలు చేయువాడు కాడు. కాని వెలను లెక్క కట్టుట వేరు, దానికి భయపడుట వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయస్సు 2022లో 62 ఏండ్లకు పెంచబడెను. ఇరువదిరెండవ యేట పనిలో చేరినవానికి నలువది యేండ్ల కొలువు. ఇరువదినాలుగవ యేట చేరినవానికి ముప్పదియెనిమిది. పోయినది ఇరువదింట ఒక పాలు. ఇరువది బస్తాలలో ఒక బస్తా చిల్లుపడి కారిపోయెనని తక్కిన పందొమ్మిదింటిని కళ్లములో విడిచి వచ్చు రైతు ఎచ్చటనైన కలడా?

ఇంకొక సంగతి విద్యార్థులు తప్పక తెలిసికొనవలయును. వారిని ముంచునది పెక్కుసార్లు ఆలస్యము కాదు, నియమములు తెలియకపోవుట. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2015లో ఇచ్చిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, చదువునకు నిర్ణయింపబడిన కాలమునకు మీద సాధారణముగా రెండేండ్ల గడువు ఈయవచ్చును. ఆయా విశ్వవిద్యాలయములకు తమ తమ నియమములు కలవు గనుక, పరీక్షల శాఖకు స్వయముగా పోయి విచారించుట మంచిది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, చదువు మధ్యలో ఆగినవారికి ఒక యేటికి సర్టిఫికెట్టు, రెండేండ్లకు డిప్లొమా ఇచ్చుటకును, తిరిగి వచ్చి చేరుటకును వీలు కల్పింపవలయునని చెప్పినది. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమున మూడేండ్ల బి.ఏ. చదువును ఆరేండ్ల వరకు సాగించుకొనవచ్చును. పదవ తరగతియే తప్పినవారికి జాతీయ సార్వత్రిక పాఠశాలయందు ఐదేండ్ల గడువును, తొమ్మిది పర్యాయముల అవకాశమును కలవు.

కావున దిగులుపడువాడు మొట్టమొదట ఒక తెల్ల కాగితము తీసికొనవలయును. మిగిలిన పరీక్షలెన్ని, కట్టవలసిన రుసుమెంత, కడపటి గడువు ఎప్పుడు అను మూడు సంగతులు దానిపై వ్రాసికొనవలయును. మనస్సులో కొండయంత యున్నది కాగితముపై నాలుగు పంక్తులే యగును. పిమ్మట ఆ కాగితమును ఇంటిలో ఒక్కరికైనను చూపవలయును; దాచిన యప్పు వలె దాచిన తప్పిన పరీక్షయు రాత్రి నిద్రను తినును. నిజముగా ఆ చదువు తనకు సరిపడనిదైనచో, చెప్పి విడిచి వేరొక పని నేర్చుకొనుటలో సిగ్గు లేదు. చెప్పకుండ ఈడ్చుటయే హాని. దిగులు మితిమీరి బ్రతుకు మీదనే విరక్తి కలిగినచో, ఒంటరిగా నుండక వెంటనే పెద్దలకు గాని వైద్యునికి గాని చెప్పవలయును. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సంస్థకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును.

గ్రామస్థుల బాధ్యతయు కొంత కలదు. “ఇంకా కాలేదా?” అను మాటకు బదులు “ఏ పుస్తకము కావలెను?” అని అడిగినచో ఖర్చేమియు లేదు. తల్లిదండ్రులు పొరుగింటి కుమారునితో పోల్చుట మాని, గడువుకు ముందే రుసుము చేతికిచ్చుట ఉత్తమము. ఆడపిల్లకు సంబంధము కుదిరినప్పుడు, కట్నకానుకలతో పాటు మిగిలిన పరీక్షల మాట కూడ వియ్యంకులతో ముందే మాటలాడుకొనవలయును.

గ్రంథాలయము చేయదగిన పని యింకను సులభము. పాత ప్రశ్నపత్రములకు ఒక అర, పరీక్షల గడువు తేదీలకు గోడపై ఒక పలక, పరీక్షల నెలలలో రాత్రి మరియొక గంట దీపము: ఈ మూడింటితో ఎన్నో చదువులు గట్టెక్కును. ఇరువదియైదేండ్లుగా ఇచ్చటి చిట్టాలలో పాఠకుని పేరు, పుస్తకము పేరు, తీసికొన్న తేదీ వ్రాయబడుచున్నవి. పట్టము ఏ యేట పుచ్చుకొంటివని అడుగు గడి దానిలో లేదు. పుస్తకము తిరిగి ఇచ్చుటకే గాని చదువుటకు వచ్చువానికి ఇచ్చట గడువు లేదు. మూల కూర్చుండి చదువుకొను ఆ పడుచువానికి, ఆ పడుచుపిల్లకు, ఇచ్చటి బల్లయు దీపమును రాబోవు ఇరువదియైదేండ్లును నిలిచియుండుగాక!