నీరు నిలిచే పెరటిలో మన నేల మొక్కలు
(ప్రసంగ పాఠం)



వానాకాలం రాగానే బంకమట్టి నేలలలో, నదీ ముఖభూములలో ఎన్నో ఇళ్ళ పెరళ్ళు, పాఠశాలల ఆవరణలు ఒక మూల నీటిమడుగులవుతాయి. దీనికి అలవాటుగా జరిగే చికిత్స ఒక్కటే: నాలుగు బండ్ల మట్టి తోలించి పల్లాన్ని మెరక చేయడం. నీరు మాత్రం మాయం కాదు. పొరుగువారి పెరటిలోకో, తరగతి గది పునాదిలోకో దారి చూసుకొంటుంది. అంతకంటె పల్లాన్ని పల్లంగానే ఉండనిచ్చి, అందులో బ్రతకగల మొక్కలను నాటడం మేలు. అవి ఏ నేలకు చెందిన మొక్కలన్నది మాత్రం చిన్న ప్రశ్న కాదు.

నీరు నిండిన మట్టిలో గాలికి చోటుండదు. అక్కడ గులాబి వేళ్ళు కుళ్ళిపోవడానికి మూలం ఊపిరాడకపోవడమే. తామర దుంపను అడ్డంగా కోసి చూడండి. అందులో కనిపించే రంధ్రాలు ఆకుల నుండి గాలిని బురదలోని భాగాలకు చేరవేసే మార్గాలు. తడినేల మొక్కలలో చాలవాటికి ఇటువంటి ఏర్పాటు ఉంటుంది.

అటువంటి మొక్కలు మనకు కొత్తవి కావు. పొన్నగంటి కూరను తమిళులు పొన్నాంగణ్ణి అంటారు, కన్నడిగులు హొనగొనె అంటారు, సింహళీయులు ముకునువెన్న అనే పేరుతో వండుకొంటారు. మన సరస్వతి ఆకు తమిళనాట వల్లారై, బెంగాలులో థాన్‌కుని, శ్రీలంకలో గొటుకొల. మన తూటికూర బెంగాలీల కల్మీ శాకం. భాషలు మారినా బురద గట్టున ఏరుకొనే ఆకు ఒక్కటే.

ఉత్తర బెంగాలులోని కూచ్ బిహార్ ప్రాంతంలో పల్లపు పెరడు జీవనాధారమే అయింది. అక్కడ ఇళ్ళ వెనుక తడినేలలో, చెరువు గట్ల దిగువన ముర్తా అనే పొదను పెంచుతారు. నిటారుగా, నున్నగా ఎదిగిన దాని కాడలను కోసి, పై బెరడును సన్నని పేళ్ళుగా చీల్చి, గంజిలో ఉడికించి ఆరబెడతారు. వాటితో అల్లిన చాపలే శీతల్‌పాటీలు. వేసవి రాత్రులలో ఒంటికి చల్లగా ఉంటాయి. 1947 దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి తరలివచ్చిన అల్లిక కుటుంబాలు ఈ వృత్తిని అక్కడ నిలబెట్టాయి. సరిహద్దుకు ఆవల, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ శీతల్‌పాటీ అల్లికను 2017లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సరిహద్దు గీత మనుషులను వేరుచేసింది గాని ముర్తా పొదకు దానితో నిమిత్తం లేదు.

తెలుగునాట మరొక చిక్కు ఉన్నది. వర్షర్తువులో మునిగే నేలే వేసవిలో బీటలు వారవచ్చు. కనుక రెండింటికీ ఓర్చగల మొక్కలు కావాలి. మడుగు నడుమ ఏడాది పొడవునా నీరుంటేనే కలువ నాటాలి. తడి ఆరని అంచున వస, చేమ నాటవచ్చు. మెరక మొదలయ్యే చోట కానుగ గాని, నేరేడు గాని బాగుంటుంది. జమ్ము మన మొక్కే అయినా చిన్న పెరటికి తగదు. రెండేళ్ళలో మిగతావాటికి చోటు లేకుండా చేస్తుంది. మురుగునీరు చేరే పల్లంలో పెరిగిన ఆకుకూరలను తినరాదు.

దోమల భయం సహజమే. గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు నిలకడ నీరు చాలు. తడిసిన మట్టిలో దోమ పెరగదు, తేటనీటి మడుగులో పెరుగుతుంది. మడుగు ఉంచదలచినవారు దగ్గరి కాలువలోని చిన్న చేపలను వదలాలి, అంచుల చెత్త తీస్తూ ఉండాలి. ఆ శ్రద్ధ లేకపోతే మడుగు వద్దు, బురద తోటే చాలు.

ఇక పూల అందం చూసి ఏ మొక్కనైనా తెచ్చుకొనే అలవాటు గురించి. దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్కను ఒకప్పుడు దాని ఊదారంగు పూల కోసమే బెంగాలుకు తెచ్చారు. అది వాగులను, వరిపొలాలను కమ్మివేసి, పడవలు కదలనీయని స్థితి తెచ్చింది. చివరకు 1936లో దానిని తొలగించడానికి బెంగాలులో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. కొల్లేరులో నేటికీ దాని బెడద కనిపిస్తుంది. పెరటి మడుగు నుండి ఒక్క తునక వరదలో కాలువకు చేరినా చాలు.

దేశీయమన్నంత మాత్రాన అడవిలోని మొక్కను పెకలించి తేవడం తగదు. మేఘాలయ కొండలలోని కీటకాహారి కూజామొక్క ఎంత వింతదైనా దాని చోటు అక్కడే. మన పెరటికి కావలసిన వస దుంప నాటుమందులు చేసేవారి వద్ద దొరకవచ్చు, తూటికూర తీగ ఊరి కాలువ గట్టున ఉంటుంది. తుంగను ఎవరూ నాటనక్కరలేదు. తొలి వానకే తానుగా మొలుస్తుంది.