ఆకాశమును కొలుచు విద్య

అంతరిక్ష పరిశోధన యనగానే శ్రీహరికోటనుండి నిప్పులు చిమ్ముచు లేచు రాకెట్టు మన మనస్సునకు తోచును. కాని దానికి ముందు నేర్వవలసిన విద్య మరియొకటి కలదు. రాత్రులు మేల్కొని, కొలిచినదానినే తిరిగి కొలిచి, అంకెలను నమ్మకముగా వ్రాసిపెట్టుట ఆ విద్య. మోత్కూరు వంటి ఊళ్ళలోని మన పిల్లలకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. హైదరాబాదులో ఒక శతాబ్దమునకు పూర్వమే ఇది వేళ్ళూనినది.

1901లో నవాబు జఫర్ జంగ్ అక్కడ ఒక వేధశాలను నెలకొల్పినారు. అదియే నిజామియా వేధశాల. 1908లో అది నిజాము ప్రభుత్వము చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది. ఆ కాలమున పలుదేశముల వేధశాలలు ఆకాశమును పొలమువలె పాళ్ళు వేసికొని, నక్షత్రముల పట్టిక సిద్ధము చేయ పూనుకొన్నవి. దక్షిణాకాశమున ఒక పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చినది. గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి, ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రములను పట్టికల కెక్కించినారు.

ఇంత శ్రమకు ఫలమేమి యని మీరడుగవచ్చును. నక్షత్రములు నిలుకడగా కనిపించినను మెల్లమెల్లగా కదలుచుండును. ఆ కదలిక తెలియవలెనన్న ఎన్నో ఏండ్ల యెడముగల రెండు కొలతలు కావలెను. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపినారు. దాని కొలతలను ఆ పాత పట్టికలతో పోల్చి, 2000లో సుమారు ఇరువదియైదు లక్షల నక్షత్రముల గమనమును ప్రకటించినారు. హైదరాబాదు గాజుపలకలమీది చుక్క ఈ విధముగా ఉపగ్రహమునకు తోడైనది.

నగరములో దీపములు పెరిగి చుక్కలు మసకబారగా, విశ్వవిద్యాలయము చీకటిని వెదకుకొని బయలుదేరినది. 1968లో జపాల్-రంగాపూరు వద్ద 48 అంగుళముల దర్పణముగల దూరదర్శిని నెలకొన్నది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును అక్కడ పరిశీలించినారు. పాత మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరులో నేడు ఉపగ్రహములు పంపు భూమి చిత్రములను అందుకొనుచున్నారు. మన చెరువులు, పంటలు ఆ చిత్రములలోనివే.

పరికరము దగ్గర పెరిగినవానికి విద్య ఎట్లబ్బునో వేణు బప్పుగారి జీవితమే చెప్పును. వారి తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసినారు. కుమారుడు నిజాం కళాశాలలో చదివి, 1949లో అమెరికాలో నుండగా ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకరైనారు. తరువాత తమిళనాడులోని కావలూరు వేధశాలకు మూలపురుషులైనారు.

2009లో మదరాసులోని అన్నా విశ్వవిద్యాలయము రూపొందించిన అనుశాట్ ఉపగ్రహము శ్రీహరికోటనుండి ఎగిరినది. విద్యార్థులచేత పని చేయించిన విశ్వవిద్యాలయమే పనివారిని తయారుచేయగలదు. సూత్రములు వల్లించి పరీక్ష నెగ్గినవాడు, దర్పణమునకు పట్టిన దుమ్మును తుడువ నేర్వనిచో, ఆ దూరదర్శిని ఎవరికి ఉపయోగము? పరికరములను కొనుటకంటె వాటిని తరతరములు పనిలో నుంచుట కష్టము. విశ్వవిద్యాలయములకు ప్రభుత్వము, ప్రజలు ఈ విషయమున అండగా నిలువవలెను.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చేయదగిన పనియు నొకటి కలదు. నగరము పోగొట్టుకొన్న చీకటి మన మెట్టపొలములమీద ఇంకను కొంత మిగిలియున్నది. పిల్లలను ఆరుబయట నిలిపి, చంద్రుడు ఏ రాత్రి ఏ చుక్క చెంత నున్నాడో నెలరోజులు వ్రాయించుడు. ఖర్చు ఒక నోటుపుస్తకమే. కొలుచు అలవాటు మాత్రము జీవితాంతము నిలుచును.