మన చేతులతో తెఱచిన కిటికీ



మన తరగతి గదిలోని చిన్న అద్దపు కిటికీ ఎన్నడును తెఱచుకొనలేదు. వేసవి మధ్యాహ్నములందు వెనుక బల్లలవారు ఉక్కకు సొమ్మసిల్లుచుండిరి. బాగేపల్లి, చింతామణి అంగళ్లలో ఆ కొలతకు తగిన సామగ్రి దొరకలేదు. కావున మీతో కూడి మేమే తయారుచేసితిమి.

పాత ట్రంకుపెట్టె మడతబందులను పైయంచున బిగించితిమి. రెక్క క్రిందినుండి వెలుపలికి తెఱచుకొనును గనుక వాన జారిపోవును, గాలి లోనికి వచ్చును. రంధ్రములు తొలిచిన ఇనుప పట్టీ దానిని కావలసినంత తెఱచి నిలుపును. మొదట బందులు రెండును ఒకే వరుసలో నిలువక రెక్క పట్టివేసెను. విప్పి మరల బిగించితిమి.

ఖడక్‌వాసలా ఆనకట్టకు 1903లో తాము కల్పించిన స్వయంచాలక తలుపులను అమర్చిన విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దేనహళ్లిలో జన్మించినవారే. నీరు నిండగనే ఆ తలుపులు తామే తెఱచుకొనెడివి. మన కిటికీకి చేయి కావలెను. ఆ చేయి మీదైనందుకు మేము సంతోషించుచున్నాము.