అల పడితే నోరు విప్పండి

న్యూరో టెక్నాలజీ పట్టా అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. ఇక అసలు సంగతి.

నేను మెదడు సర్జన్ని. కంటి నరాలు కలిసే చోట పెరిగే గడ్డలు తీయడం నా పని. ఒక్కో నరంలో 10 లక్షలకు పైగా పోగులుంటాయి. తెగితే మళ్లీ మొలవవు. నరాన్ని కాస్త ఎక్కువ లాగినా, దానికి నెత్తురందించే సన్నటి నాళం దెబ్బతిన్నా చూపు పోవచ్చు. మత్తులో ఉన్న మనిషిని ‘కనపడుతోందా అమ్మా’ అని అడగలేం కదా!

అందుకే మూసిన రెప్పల మీద ఎల్ఈడీ గాగుల్స్ పెట్టి మెరుపులిస్తాం. ఆ మెరుపుకు మెదడు స్పందనగా తల వెనక ఎలక్ట్రోడ్లకు అందే అల కొన్ని మైక్రోవోల్టులే. పదే పదే మెరిపించి సగటు తీస్తేగానీ తెర మీద దాని ఆకారం తేలదు. పీల్చే మత్తుతో ఆ కాస్తా అణిగిపోతుంది. ఈ పరీక్షను చాలాకాలం ఎవరూ నమ్మకపోవడానికి అదొక కారణం. 2010లో జపాన్ డాక్టర్లు సిర ద్వారా ప్రొపోఫాల్ మత్తు ఇచ్చి, అదే మెరుపుకు కంటిలోని రెటీనా ఇచ్చే అలను కూడా పక్కనే పెట్టుకుని చూసి, ఇది పనికొస్తుందని చూపించారు.

నా బెంగల్లా ఆ తెర ముందు కూర్చునే మీలాంటి టెక్నాలజిస్టుల మౌనం గురించే. అల సగానికి పడిపోయినా, సర్జన్ కసురుకుంటాడని ఊరుకున్నవాళ్లను చూశాను. ఎందుకర్రా ఆ భయం? ముందు రెటీనా అల చూడండి. అదీ పడితే గాగుల్స్ జరిగుంటాయి. పుర్రె తెరవడానికి నుదుటి చర్మాన్ని ముందుకు మడిచినప్పుడు జరగడం మామూలే. రెటీనా అల నిలకడగా ఉండి, తల వెనక అల ఒక్కటే కుంగిందా? మత్తు, బీపీ మారలేదని మత్తు డాక్టరు చెప్పారా? ఇంకా చూస్తూ కూర్చుంటారేం! ‘సార్, కుడి కన్ను పడిపోతోంది’ అని థియేటరంతా వినపడేలా చెప్పండి.

మా థియేటర్లో ఒకమ్మాయి అలాగే అంది. లాగి పట్టుకున్న రిట్రాక్టర్ వదిలేసి చేతులు వెనక్కి తీసుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ‘లేస్తోంది సార్’ అంది. మిగిలిన గడ్డను వేరే వైపు నుంచి తీశాను. ఆమె నోరు విప్పకపోతే నేను అలాగే లాగుతూ ఉండేవాణ్ని.

అల బాగుంది కదా అని సంబరపడిపోకండి. చూపులో ఓ పక్క మసకబారినా ఈ మెరుపుల పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. ఆపరేషన్ మర్నాడు రోగి ఉన్న వార్డుకు వెళ్లండి. ఒక కన్ను మూయించి, నాలుగు వైపులా వేళ్లు చూపించి ఎన్నున్నాయో అడగండి. ఆ జవాబును మీ రికార్డులో అల పక్కనే రాసుకోండి.