డిశ్చార్జి కాగితంలో లేని జబ్బు



మా కార్యకర్తలు వెంట ఉండి ఆసుపత్రిలో చేర్పించిన పద్నాలుగు నెలల పాప ఆరు రోజులకు ఇంటికి వచ్చింది. డిశ్చార్జి కాగితంలో న్యుమోనియా అని ఉంది, మందుల పేర్లు ఉన్నాయి. బరువు రాయవలసిన గడి ఖాళీ. ఐదు వారాలకు విరేచనాలతో మళ్ళీ చేర్పించవలసి వచ్చింది. అప్పుడొక నర్సమ్మ పాప దండచేతికి టేపు చుట్టి చూస్తే 11 సెంటీమీటర్లు కూడా లేదు. ఆరు నెలలు నిండిన, ఐదేళ్ళ లోపు బిడ్డకు ఆ కొలత 11.5 కన్నా తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదటిసారే ఆ టేపు చుట్టడానికి అర నిమిషం పట్టేది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 21.7 శాతం మందికి ఎత్తుకు తగిన బరువు లేదు. జబ్బుపడి ఆసుపత్రికి చేరే పిల్లల్లో వీరెందరో లెక్క తీయవద్దా? చేరిన ప్రతి బిడ్డ బరువు, ఎత్తు, దండచేతి కొలత కేసు షీటులోనూ డిశ్చార్జి కాగితంలోనూ రాయాలన్నది మా మొదటి కోరిక.

మన తప్పు కూడా ఒకటుంది. బిడ్డ నీరసించగానే సెలైన్ ఎక్కించమని డాక్టరును ఒత్తిడి చేస్తాము. బాగా చిక్కిపోయిన బిడ్డ గుండె అంత నీటిని తట్టుకోలేదు. షాక్‌లో ఉంటే తప్ప అది ప్రమాదమే. ఒక్కసారిగా బలమైన తిండి పెట్టడమూ అంతే. పోషకాహార పునరావాస కేంద్రాలలో మొదట తేలికైన పాల మిశ్రమాన్ని కొద్దికొద్దిగా, రాత్రి కూడా లేపి పడతారు. తల్లి రోజుల తరబడి అక్కడే ఉండాలి. ఇంట్లో మరి ఇద్దరు పిల్లలు, తండ్రికి రోజుకూలీ. ఆ తల్లి మధ్యలోనే వచ్చేస్తే అజ్ఞానమని నిందించడం మాకు న్యాయంగా తోచదు. ఆ ఇంటి పిల్లలకు పూట కూడు చూసుకోవలసినది ఇరుగుపొరుగులమైన మనమే.

ఇంటికి వచ్చాక ఏమిటి? 2013 ఆహార భద్రతా చట్టం ఆరవ సెక్షన్ ప్రకారం పోషకాహార లోపమున్న పిల్లలను అంగన్‌వాడీ ద్వారా గుర్తించి ఉచితంగా భోజనం పెట్టడం ప్రభుత్వ బాధ్యత. మా బస్తీలో అంగన్‌వాడీయే లేదు. ఆరేళ్ళ లోపు పిల్లలు నలభై మంది ఉన్న మురికివాడ అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అడగడానికి పేర్లు కావాలి. అద్దె ఇళ్ళవారి పిల్లలనూ వదలకుండా రాస్తున్నాము.

వచ్చే శుక్రవారం జుమా తరువాత మదరసా హాలులో తూకం, టేపు ఉంటాయి. పిల్లల టీకాల కార్డు, పాత డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకురండి.